విద్యుత్క్రమ సూత్రము: టీకా తాత్పర్య సహితము

అవతారిక

చిప్పునకు విద్యుత్తు నిచ్చుట యనగా మీట నొక్కుట మాత్రమే యని తలచు లౌకికులకు ఈ సూత్రముతో ప్రయోజనము లేదు. ఫోనులోను, టాబ్లెట్టులోను, కారు డాష్‌బోర్డు వెనుకను ఉండు బోర్డులపై ఒక్కొక్క చిప్పునకు రెండు మూడు వోల్టేజీలు, ఒక క్లాకు, ఒక రీసెట్ తీగ యుండుననియు, అవి యన్నియు నిర్ణీతమైన క్రమమున, నిర్ణీతమైన వ్యవధులతో అందనిచో ఆ చిప్పు మేల్కొనదనియు, మేల్కొన్నను మతి చలించినదై యుండుననియు, ఒక్కొక్కప్పుడు కాలిపోవుననియు ఎరిగినవారికే ఇది ఉద్దిష్టము. కాలిపోవుట యన్నది భయపెట్టుటకై చెప్పిన మాట కాదు. సాధారణముగా సంకేతపు పిన్నుకును సరఫరా తీగకును నడుమ, స్థిరవిద్యుత్తునుండి రక్షించుటకై ఒక డయోడు నిర్మింపబడి యుండును. సరఫరా రాకమునుపే సంకేతము వచ్చెనేని ఆ రక్షకుడే దొడ్డిదారియై కరెంటును లోనికి పోనిచ్చి చిప్పును అర్ధప్రాణముతో నిలుపును. అంతటితో నాగక, సిలికానునందు ఎవరును కోరకయే యేర్పడియున్న నాలుగు పొరల థైరిస్టరు మేల్కొనెనేని, సరఫరాను పూర్తిగా తీసివేసినగాని అది నిద్రింపదు. దీనినే ఇంజనీర్లు లాచప్ అందురు.

ఇట్టి క్రమమును కెర్నెల్‌కు ఎవరు చెప్పవలెను? బోర్డును వర్ణించు గ్రంథము చెప్పవలెనా, గ్రంథమును చదువువాడు తనంత నెరుగవలెనా? ఈ వివాదము లినక్సు పండితులలో 2012వ సంవత్సరమునుండి నడచుచున్నది. అంతకు పూర్వము ఏఆర్ఎమ్ బోర్డులకు సంబంధించినంతవరకు, బోర్డున కొక సీ భాషాగ్రంథము కెర్నెల్‌లోనే యుండెడిది. క్రమమంతయు అందే ఫంక్షన్ల రూపమున వ్రాసికొనెడివారు. అట్టి గ్రంథములు పుట్టలు పుట్టలుగా పెరుగగా, 2011 మార్చిలో లైనస్ టోర్వాల్డ్సు మహాశయుడు సహనము కోల్పోయి తనకు సహజమైన పరుష వాక్కులతో మందలించెను. ఆ వాక్కులకు ప్రతిపదార్థము వ్రాయుట ఈ వ్యాఖ్యాతకు శక్యము కాదు. పిదప బోర్డు వర్ణనమును కెర్నెల్‌నుండి వేరుచేసి డివైస్ ట్రీ యను ప్రత్యేక గ్రంథమునందు నిలుపు పని వేగము నందుకొనెను.

ఈ డివైస్ ట్రీకి పితృస్థానమున నున్నది ఓపెన్ ఫర్మ్‌వేర్. ఐఈఈఈ 1275 అను పేర 1994లో ప్రమాణముగా వెలసినది. అది ఫోర్త్ భాషలో మాటలాడ నేర్చినది. అందు ఒక్కొక్క పరికరమునకు లక్షణములతోపాటు క్రియలు కూడ నుండెడివి. క్రియలను వదలి లక్షణములను మాత్రమే నిలుపుకొని, చదునై, ఏఆర్ఎమ్ బోర్డులకు వచ్చిన వారసుడు మాత్రము మౌనవ్రతుడు: తానేమో చెప్పును, తనను ఏమి చేయవలెనో చెప్పడు. ఈ మౌనము గుణమా దోషమా యన్నదియే వివాదమునకంతకును మూలము. అది తేలవలెనన్న ఒక చిన్న నోడ్‌ను పట్టుకొని పదపదము విప్పి చూచుటకంటె మార్గాంతరము లేదు.

మూలము

పవర్‌సీక్ {
 కంపాటిబుల్ = "ఎమ్‌ఎమ్‌సీ-పవర్‌సీక్-సింపుల్";
 రీసెట్-జీపీఐఓస్ = <జీపీఐఓ1 12 యాక్టివ్‌లో>;
 క్లాక్స్ = <క్లాక్_32768>;
 క్లాక్-నేమ్స్ = "ఎక్స్‌ట్_క్లాక్";
 పోస్ట్-పవర్-ఆన్-డిలే-ఎమ్‌ఎస్ = <200>;
};

ఇది ఎస్‌డీఐఓ మార్గమున బోర్డుతో కలిసియుండు వైఫై చిప్పునకు ప్రాణప్రతిష్ఠ చేయు సూత్రము. ఇట్టి నిర్మాణము ఉల్ఫ్ హాన్సన్ కృషిచే 2015 నాటి 4.0 కెర్నెల్‌లో చోటు సంపాదించినది. పిన్ను సంఖ్యయు, చివరి సంఖ్యయు వ్యాఖ్యాత ఉదాహరణార్థము కూర్చినవి.

టీక

కంపాటిబుల్ = ఏ డ్రైవర్ ఈ నోడ్‌ను తనదిగా స్వీకరింపవలెనో ఆ డ్రైవర్‌ను పిలుచు పేరు; ఎమ్‌ఎమ్‌సీ = కార్డు మార్గమునకు చెందిన; పవర్‌సీక్ = విద్యుత్క్రమము; సింపుల్ = సరళము. ఈ చివరి పదమును చూచి మోసపోరాదు. కెర్నెల్‌లో సరళమని పేరు పెట్టుకొని పుట్టినవాటిలో బక్కచిక్కి మిగిలినవి అరుదు. ప్యానెల్-సింపుల్ అను తెర డ్రైవర్ నేడు వేలకొలది పంక్తుల పురాణమైనది. దాని కథ మున్ముందు రాగలదు.

రీసెట్-జీపీఐఓస్ = చిప్పును ఆదిమస్థితియందు పట్టియుంచు, సామాన్య ప్రయోజనములకు విడువబడిన పిన్నులు; బహువచనము సార్థకము, ఏలయనగా ఒకటికంటె నెక్కువ పిన్నులను సైతము ఇందు చేర్పవచ్చును. జీపీఐఓ1 = ఆ పేరుగల పిన్నుల గుంపు; 12 = అందు సున్ననుండి లెక్కించుటచేత పదమూడవదైన పిన్ను; యాక్టివ్‌లో = వోల్టేజి లేనప్పుడే పనిచేయునట్టిది. తార్కికులు అభావమును ఏడవ పదార్థముగా నంగీకరించినప్పుడు నవ్వినవారు ఈ పదమును గమనింతురు గాక: ఇచట తీగయందలి వోల్టేజి యొక్క అభావమే రీసెట్ యొక్క భావము. ఈ ఒక్క మాటను తప్పుగా వ్రాయుటచేత, పట్టవలసినప్పుడు విడిచి, విడువవలసినప్పుడు పట్టి, చిప్పును నిత్యనిద్రలో నుంచిన బోర్డులు లోకమున తక్కువ కావు.

క్లాక్స్ = సెకనునకు 32,768 మారులు స్పందించు క్లాకు. ఇది రెండును పదునైదు మారులు హెచ్చింపగా వచ్చు సంఖ్య. కావున పదునైదు మారులు సగము చేసినచో సరిగా ఒక సెకను మిగులును. చేతిగడియారపు స్ఫటికము కూడ ఇదియే వేగమున కొట్టుకొనును. చిప్పు నిద్రించుచు సైతము కాలమును లెక్కించుకొనుటకు దీనిని వాడుకొనును. క్లాక్-నేమ్స్ అను పంక్తి డ్రైవర్ ఆ క్లాకును వెదకుకొనుటకు పనికివచ్చు పేరు; అంతకుమించి అర్థము లేదు.

పోస్ట్-పవర్-ఆన్-డిలే = విద్యుత్తు నిచ్చిన పిమ్మట వేచియుండవలసిన కాలము; ఎమ్‌ఎస్ = సెకనులో వేయవ భాగమును ప్రమాణముగా గలది; 200 = ఇన్నూరు. ఈ సంఖ్యయే ఈ వ్యాఖ్యానమునకు ప్రాణము.

అన్వయము

మూలమును ఉన్నదున్నట్లు చదివినవాడు, మొదట రీసెట్, పిదప క్లాకు, ఆపైన వేచియుండుట యని గ్రహించును. డ్రైవర్ అట్లు చేయదు. మొదట క్లాకును నడపును, రీసెట్‌ను పట్టియుంచును, ఆ మీదట కార్డు మార్గపు హోస్టు కంట్రోలరు వోల్టేజి నిచ్చును, అది యిచ్చిన తరువాత రీసెట్‌ను విడుచును, తుదకు ఇన్నూరు మిల్లీసెకన్లు ఊరకుండును. మూలమున వోల్టేజి ప్రస్తావనయే లేదేమి యనరాదు. అది హోస్టు కంట్రోలరు నోడ్‌లో వీఎమ్‌ఎమ్‌సీ-సప్లై యను పేర ఉన్నది. ఇచట దానిని అధ్యాహారము చేసికొనవలెను.

గ్రంథమునందలి వరుస యొకటి, అనుష్ఠానపు వరుస వేరొకటి యగుట దోషము కాదా? కాదు. క్రమనిర్ణయమును గూర్చి మనకు పూర్వమీమాంసకులు ఒక శాస్త్రమునే నిర్మించి యిచ్చిరి. లౌగాక్షి భాస్కరుడు అర్థసంగ్రహమున క్రమమునకు ప్రమాణములు ఆరని చెప్పెను: శ్రుతి, అర్థము, పాఠము, స్థానము, ముఖ్యము, ప్రవృత్తి. వీనిలో ముందున్నది వెనుకదానికంటె బలీయము. అగ్నిహోత్ర హోమమును ముందు పేర్కొని, గంజి వండుటను పిమ్మట పేర్కొన్న తావున, పాఠక్రమము ననుసరించినచో హోమము కాగానే వంట మొదలిడవలసివచ్చును. కాని ఆ గంజియే హోమద్రవ్యము గావున, ప్రయోజనబలముచేత వంటయే ముందు జరుగవలెనని వారు తీర్చిరి. పాఠముకంటె అర్థము బలీయమనుటకు ఇది నిదర్శనము.

డివైస్ ట్రీ యందు పాఠక్రమమునకు బలము తక్కువయే కాదు, అసలు లేదు. ఒక నోడ్‌లోని లక్షణములను తలక్రిందులుగా వ్రాసినను అర్థము మారదు. కావున ఇచట మిగిలినది శ్రుతి, అనగా తయారీదారు ప్రకటించు డేటాషీటునందలి టైమింగు పటము. దాని వెనుక అర్థము, అనగా గడియారము లేనిదే లేవజాలని చిప్పు యొక్క స్వభావము. స్థాన ముఖ్యములతో మనకు పని లేదు. ప్రవృత్తి మాత్రము పుష్కలముగా కలదు. మొదటి వస్తువునకు ఏ వరుసలో పనులు చేయబడెనో తక్కిన వస్తువులకును ఆ వరుసయే యని మీమాంసకు లనిరి. మొదటి బోర్డు గ్రంథమున నున్న సంఖ్యలనే తరువాతి బోర్డుల రచయితలు ప్రతి వ్రాసికొనుట దీనికి లక్ష్యము. ఆరింటిలో ఇది మిక్కిలి దుర్బలమని శాస్త్రము. మిక్కిలి ప్రచారముగలదని అనుభవము.

ఆక్షేపము

ఇచట పూర్వపక్షి లేచి యిట్లనును: "క్రమము డేటాషీటులో ముద్రింపబడియున్నది, అది చిప్పు యొక్క లక్షణమే గాని కెర్నెల్ యొక్క ఇచ్ఛ కాదు, లక్షణములను వర్ణించుటకే గదా డివైస్ ట్రీ పుట్టినది? కావున క్రమమును కూడ అందే మెట్లు మెట్లుగా వ్రాసిన నేమి?"

ఈ పక్షమును ఎన్‌విడియా సంస్థకు చెందిన అలెగ్జాండర్ కూర్బో 2012లో సవిస్తరముగా నుపన్యసించెను. తెర వెనుక దీపము వెలిగించు డ్రైవర్‌కు పూర్వము బోర్డు గ్రంథములోని ఫంక్షన్లు తోడ్పడెడివి. బోర్డు గ్రంథము పోయి డివైస్ ట్రీ రాగా ఆ ఫంక్షన్లకు నిలువ నీడ లేకపోయెను. గ్రంథమున లక్షణములను వ్రాయవచ్చును గాని ఫంక్షన్లను వ్రాయరాదు. అందుచేత ఆయన, మొదటి మెట్టున ఈ రెగ్యులేటరును తెరువుము, రెండవ మెట్టున ఇంతకాలము వేచియుండుము, మూడవ మెట్టున ఈ పిన్నును పైకెత్తుము, అను రీతిని గ్రంథమునందే క్రమమును లిఖించి, కెర్నెల్‌లో దానిని చదివి నడిపించు ఒక వ్యాఖ్యాతను నియమింప జూచెను. పలుమారులు సంస్కరింపబడియు ఆ ప్రతిపాదన ఆమోదము పొందలేదు.

సమాధానము

సిద్ధాంతులు చెప్పిన ఉత్తరములు మూడు. గ్రంథము వస్తువును వర్ణింపవలెను గాని విధివాక్యములను పలుకరాదన్నది మొదటిది. నేడు మెట్లను ఒప్పుకొన్నచో రేపు "ఇట్లైనచో" అను షరతు కావలెనందురు, ఎల్లుండి ఆవృత్తి కావలెనందురు, తుదకు గ్రంథము ఒక భాషయై కూర్చుండునన్నది రెండవది. డివైస్ ట్రీ బోర్డుతోపాటు వెలువడి కెర్నెల్ కంటె దీర్ఘాయువై యుండుననియు, పాత గ్రంథముతో కొత్త కెర్నెల్ నడువవలెనన్న మాట యిచ్చియున్నాము గనుక అందు దొర్లిన ప్రమాదము శాశ్వతమగుననియు మూడవది.

ఈ వ్యాఖ్యాతకు మొదటి యుత్తరము రుచింపదు. శాఖాంతరమును చూడుడు: ఇంటెల్, మైక్రోసాఫ్టు, తోషిబా సంస్థలు కలిసి 1996 డిసెంబరులో ప్రకటించిన ఏసీపీఐ మార్గమున, ఫర్మ్‌వేర్‌లోనే విధివాక్యములు బైట్‌కోడ్ రూపమున నుండును, ఒక పవర్ రిసోర్సునకు ఆన్ అను క్రియయు, ఆఫ్ అను క్రియయు వేర్వేరుగా లిఖింపబడి యుండును, కెర్నెల్ వానిని చదివి యనుష్ఠించును. లోకమునందలి లాప్‌టాప్‌లు ప్రతి ఉదయమును ఈ విధముననే మేల్కొనుచున్నవి. విధి పలికినంతమాత్రాన గ్రంథము పతితమగునన్నచో ఇన్ని కోట్ల యంత్రములు ప్రతిదినము పాతకము నాచరించుచున్నట్లే. రెండవ యుత్తరము భవిష్యద్భయము. దానిని తోసిపుచ్చుటయు, నమ్ముటయు ఒక్కటే తేలిక.

మూడవదియే బలమైనది, దానికి సాక్షి కూడ ఏసీపీఐయే. ఫర్మ్‌వేర్‌లో విధివాక్యము తప్పినచో దానిని సరిదిద్దు నధికారము తయారీదారునిది. అతడు ఆసరికి తరువాతి నమూనాను విక్రయించుచుండును. పాత యంత్రము గలవాని బాధను పోగొట్టుటకు కెర్నెల్‌లోనే యంత్రముల పేర్లతో జాబితాలు పెట్టుకొని, ఈ పేరుగల యంత్రము చెప్పినదానిని నమ్మవలదు అని వ్రాసికొనవలసి వచ్చినది. అనగా క్రమజ్ఞానము వెలుపలికి పోయి, దానిలోని తప్పులు మాత్రము లోనికి తిరిగివచ్చినవి. డ్రైవర్‌లో తప్పు పడినచో ఒక్క సవరణతో అందరికిని కుదురును. బోర్డులలో చెక్కిన తప్పును ఎవరు పోయి చెరిపివత్తురు?

సంఖ్యా విచారము

క్రమము సంగతి యట్లుండగా, ఆ ఇన్నూరు మాట యేమి? ఇది విధి కాదు, లక్షణమే గదా, గ్రంథమున నుండిన నేమి యని కొందరందురు. ఇచట రెండు విధములైన ఆలస్యములను వేరుచేసి చూడక తప్పదు.

ఒక రెగ్యులేటరును తెరచిన పిదప దాని వోల్టేజి పైకెగయుటకు పట్టు కాలము, ఆ బోర్డుపై సోల్డరు చేయబడిన కెపాసిటరు పరిమాణముపై ఆధారపడును. అదే రెగ్యులేటరు వేరొక బోర్డుపై వేరొక కాలము పట్టును. అట్టి ఆలస్యమునకు స్టార్టప్-డిలే-యూఎస్ అను లక్షణము కలదు. అది గ్రంథమున నుండుట న్యాయము, ఏలయనగా అది నిజముగా బోర్డు యొక్క ధర్మము. రీసెట్‌ను విడిచిన పిమ్మట వైఫై చిప్పు తన లోపలి ప్రోగ్రామును మేల్కొలుపుకొనుటకు పట్టు కాలమో, ఏ బోర్డుపై నున్నను ఒక్కటే. అది చిప్పు యొక్క ధర్మము. చిప్పు పేరు తెలిసినవానికి ఆ సంఖ్య తెలిసియే యుండును.

మరి మన మూలమున ఆ సంఖ్య యేల? కంపాటిబుల్ పంక్తిని మరల చూడుడు. అందు చిప్పు పేరు లేదు! సరళక్రమమను సాధారణనామము మాత్రమే యున్నది. ఏ కంపెనీ చిప్పో, ఏ నమూనాయో ఆ నోడ్ చెప్పదు. చెప్పనందుననే ఇన్నూరును బహిరంగముగా పలుకవలసి వచ్చినది. పేరు దాచుకొన్నవాడు చెల్లించిన సుంకమే ఆ సంఖ్య. సరళమని పేరు పెట్టి ఒక్క డ్రైవర్‌తో అన్ని చిప్పులకును సేవచేయింప దలచుటచేత చిప్పుల స్వభావమంతయు గ్రంథమునందు సంఖ్యలై కారిపోయినది. పండితుల వివాదములో నేను గ్రహించిన సారమిది. తక్కిన వాదములన్నియు దీని చుట్టును తిరుగుచున్నవి.

ప్యానెల్-సింపుల్ మాత్రము తలక్రిందు మార్గమున నడచెను. అందు గ్రంథమున తెర యొక్క అసలు పేరే యుండును; దీపమునకు ముందెంత, వెనుకెంత వేచియుండవలెనన్న సంఖ్యలు డ్రైవర్‌లోని జాబితాలో ఆ పేరున కెదురుగా నుండును. సిద్ధాంతమునకు ఇది యెంతయు సమ్మతము. కాని దీనికిని చెల్లింపవలసిన మూల్యము కలదు: మార్కెట్టులో నొక కొత్త తెర పుట్టిన ప్రతిసారియు కెర్నెల్‌లో ఒక పేరాను చేర్పవలెను, ఆ కెర్నెల్ జనుల చేతికి వచ్చువరకు ఆ తెరగలవాడు చీకటిలో కూర్చుండవలెను. లాప్‌టాప్ తెరలకై పిదప వచ్చిన ప్యానెల్-ఈడీపీ డ్రైవర్ దీనికొక ఉపాయము పన్నినది: తెర తనలో దాచుకొన్న గుర్తింపు పత్రమును చదివి, జాబితాలో ఆ పేరు లేనిచో "ఈ తెరను ఎరుగను" అని హెచ్చరించి, భద్రతకొరకు దీర్ఘములైన వ్యవధులనే పాటించును. తెలియనిచోట తొందరపడకుండుట యను నీతిని ఒక డ్రైవర్ పాటించుట చూడ ముచ్చటగనే యున్నది, తెర నిదానముగా వెలుగుటను ఓర్చుకొన్నచో.

ఇంతకును ఇట్టి సంఖ్యలకు ఋషులెవరు? కొన్నింటికి కలరు. పీసీఐ ఎక్స్‌ప్రెస్ కార్డునకు సరఫరా స్థిరపడిన పిమ్మట రీసెట్‌ను కనీసము 100 మిల్లీసెకన్లు పట్టియుంచవలెనని ప్రమాణగ్రంథము శాసించినది. ఎస్‌డీ కార్డునకు తొలి ఆజ్ఞకు ముందు 74 క్లాకు స్పందనలు వినిపింపవలెను. లాప్‌టాప్ తెరను ఆర్పి మరల వెలిగించుటకు నడుమ అర్ధసెకను విరామము ఈడీపీ వారి నియమము. మరి కొన్నింటికి మాత్రము ఋషియు లేడు, ఛందస్సును లేదు. ఎవరో ఒక రాత్రి 50 పెట్టి చూడగా చిప్పు లేవక, 100 పెట్టగా అప్పుడప్పుడు లేచి, 200 పెట్టగా ప్రతిసారియు లేచినందున అది వేదమైనది. పైగా కెర్నెల్ యొక్క ఎమ్‌స్లీప్ అను క్రియ స్వల్పకాలములయందు నమ్మదగినది కాదు. 1 మిల్లీసెకను ఊరకుండుమన్నచో 20 వరకు నిద్రపోవచ్చునని కెర్నెల్ పత్రములే హెచ్చరించినవి. కావున స్వల్పసంఖ్యను వ్రాసి పరీక్షలో నెగ్గినవాడు నిజముగా పరీక్షించినది తాను వ్రాసిన సంఖ్యను కాదు, కెర్నెల్ నిద్రమత్తును.

అన్యోన్యాశ్రయము

సరళక్రమమును అంగీకరించిన పిదప, యూఎస్‌బీ పరికరములకును ఇట్టి సాధారణ గ్రంథాలయ మొకటి కావలెనని 2016లో జరిగిన ప్రయత్నము పలుమారులు సవరింపబడియు ప్రధాన కెర్నెల్‌లో చేరలేదు. 2022 నాటి 6.0 కెర్నెల్‌లో వచ్చిన మార్గము వేరు: బోర్డుపై నంటియున్న యూఎస్‌బీ హబ్ తన పేరుతోనే, తన సరఫరాతోనే గ్రంథమున ప్రవేశించెను, క్రమము డ్రైవర్‌లో దాగెను.

అయితే ఇచట తార్కికులు అన్యోన్యాశ్రయ దోషమని పిలుచు చిక్కు కలదు. పీసీఐ, యూఎస్‌బీ మార్గములయందు పరికరములు తమంత తాము కనబడినగాని కెర్నెల్ వాని నెరుగదు. కనబడినగాని డ్రైవర్ వచ్చి చేరదు. డ్రైవర్ చేరినగాని విద్యుత్తు రాదు. విద్యుత్తు వచ్చినగాని పరికరము కనబడదు. ఇట్టి చక్రమునందు కెర్నెల్ ఎంతకాలము వెదకినను వైఫై దొరకదు. అది అచటనే, బోర్డుపై, చీకటిలో నుండును.

క్వాల్‌కామ్ వారి క్యూసీఏ6390 అను చిప్పుతో ఈ చిక్కు రెట్టింపైనది. అందు వైఫైయు, బ్లూటూత్‌ను ఒకే కప్పు క్రింద నున్నవి; వైఫై పీసీఐ ఎక్స్‌ప్రెస్ మార్గమునను, బ్లూటూత్ సీరియల్ మార్గమునను కెర్నెల్‌తో సంభాషించును; ఒకరి డ్రైవర్ మరియొకరి డ్రైవర్‌ను ఎరుగదు. కాని వైఫైని లేపు తీగకును, బ్లూటూత్‌ను లేపు తీగకును నడుమ 100 మిల్లీసెకన్ల వ్యవధి తప్పనిసరి. ఈ వ్యవధి వైఫైది కాదు, బ్లూటూత్‌ది కాదు. రెంటి నడుమ శూన్యమునకు చెందినది. శూన్యమునకు డ్రైవర్ ఎవడు?

దీనికై క్రమమును మోయు ప్రత్యేక నోడ్ నొకదానిని గ్రంథమున చేర్ప జూచినవారు 2021లో వచ్చిరి; పవర్‌సీక్ అను వస్తువేదియు బోర్డుపై కానరాదని వారిని మరలించిరి. బార్తోష్ గోలాషెవ్‌స్కీ సమకూర్చి 2024 సెప్టెంబరు నాటి 6.11 కెర్నెల్‌లో చేరిన విద్యుత్క్రమ విభాగము వేరొక త్రోవ పట్టెను. ఆ చిప్పు లోపల రెండు భాగములకును విద్యుత్తును పంచు పీఎమ్‌యూ యను అంగమొకటి నిజముగనే కలదు. దానిని గ్రంథమున ప్రవేశపెట్టి, దానినుండి వెలువడు వోల్టేజీల నన్నింటిని పేర్కొని, వైఫై నోడును బ్లూటూత్ నోడును ఆ వోల్టేజీలను వాడుకొనుచున్నవని మాత్రము చెప్పిరి. వీడీడీఏఆన్-సప్లై యను తీగను పట్టుకొని పోయి, అది ఏ పీఎమ్‌యూను చేరునో చూచి, డ్రైవర్ తానే ఆ చిప్పునకు క్రమము నిశ్చయించుకొనును. రెండు తీగల నడుమ 100 మిల్లీసెకన్లు, లేచిన పిదప 60 మిల్లీసెకన్లు, ఈ సంఖ్యలన్నియు డ్రైవర్‌లో చిప్పు పేరునకు ప్రక్కన నుండును. ఇరువురికిని ఉమ్మడియైన మెట్లను ముందు కోరినవాడు ఎవడైనను ఒక్కసారియే ఎక్కించి, ఎందరు వాడుకొనుచున్నారో లెక్కించుకొని, చివరివాడు విడిచినప్పుడే దించును. పీసీఐ పక్షమున, గ్రంథమునందలి నోడ్‌ను చూచి ముందుగనే విద్యుత్తు నిచ్చి పిదప మార్గమును మరల వెదకు సహాయకుడు కుదిరెను, అన్యోన్యాశ్రయము తెగెను.

తాత్పర్యము

గ్రంథమున క్రమమను మాట యెచ్చటను లేదు, అయినను క్రమము తెలియుచున్నది. ఆలంకారికుల భాషలో నిది వాచ్యము కాదు, లక్ష్యము కాదు, వ్యంగ్యము. అందులోను రసధ్వనికి వారు పెట్టిన పేరే దీనికి సరిగా నతుకును: అసంలక్ష్యక్రమము. ఫలానా తీగ ఫలానా అంగమును చేరుచున్నదని అభిధ. ఆ అంగము పేరు విన్న సహృదయుడైన డ్రైవర్ హృదయమున స్ఫురించునది క్రమము. 2012 నాటి పూర్వపక్షి క్రమమును వాచ్యము చేయ గోరెను, 2015 నాటి సరళసూత్రము సగము వాచ్యముగను సగము గుప్తముగను నిలిచెను, 2024 నాటి మార్గము ధ్వనిమార్గము.

ఈ వ్యాఖ్యాత ధ్వనిపక్షపాతి. అయినను సిద్ధాంతులు తాము వస్తువును మాత్రమే వర్ణించితిమని చెప్పుకొనుటను సంపూర్ణముగా నంగీకరింపజాలడు. పీఎమ్‌యూ దొరకినది గనుక ఆ చిప్పునకు సాగినది. క్రమము కావలసియు తగిలించుటకు అట్టి అంగమేదియు లేని చిప్పు ఎదురైనప్పుడు, వీరు కొక్కెము కొరకు గోడలు తడుముకొనుట తప్పదు. సహృదయుడు లేనిచోట ధ్వనియు లేదన్న సంగతి కూడ మరువరాదు: ఆ డ్రైవర్ లేని పాత కెర్నెల్‌కు ఈ చక్కని గ్రంథము వట్టి తీగల పట్టిక.

పాఠాంతరము

ఈ మూలమునకే పవర్-ఆఫ్-డిలే-యూఎస్ అను మరియొక పంక్తిని చేర్చిన పాఠము కలదు. ఆర్పునపుడు డ్రైవర్ చేయు పని సంహారక్రమము: రీసెట్‌ను మరల పట్టును, ఆ పంక్తి చెప్పినంత సేపు ఆగును, క్లాకును నిలుపును. ఇచట టీకాకారుడు తల గోకికొనవలసిన విషయమొకటి కలదు. మేల్కొలుపునపుడు వేచియుండు కాలమునకు ప్రమాణము మిల్లీసెకను, నిద్రపుచ్చునపుడు మైక్రోసెకను, అనగా దానిలో మరల వేయవ భాగము. ఒకే నోడ్‌లో ఒక పంక్తి తోక ఎమ్‌ఎస్ అనియు, మరియొక పంక్తి తోక యూఎస్ అనియు ముగియుచున్నవి. జీవులు లేచుటకంటె పడుకొనుట త్వరగా చేయుదురని సమర్థింప జూచినను, రాత్రి పిల్లలను పడుకోబెట్టజూచిన తల్లులు దీనితో నేకీభవింపరు. కారణము మరేమియు కాదు: రీసెట్‌ను పట్టిన చిప్పు నిశ్చలమగుటకు స్వల్పకాలము చాలును, విడిచిన చిప్పు లేచి తన ప్రోగ్రామును చదువుకొనుటకు దీర్ఘకాలము పట్టును. తోకను చూడక, మొదటి పంక్తిని చూచి రెండవదానియందును 200 అని వ్రాసినవాని చిప్పు ఆరుటకు ముందు దొరకు విరామము సెకనులో అయిదువేలవ వంతు. అంత మాత్రము చాలునా చాలదా యన్నది ఆ చిప్పు డేటాషీటు చెప్పవలెను.